వైబీసీఓ క్రిస్టల్ మీద పీజడ్‌టీ పొర వేశాను: పైది షార్ట్, కిందది సగం చచ్చింది

పొరమీదపొర | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఈ వేదిక చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నాలుగు నెలల పని రెండు గంటల్లో పాడైంది కాబట్టి రాయక తప్పడం లేదు.

నేను చేసింది ఇది. ఫ్లక్స్ పద్ధతిలో (కరిగిన ఆక్సైడ్ల ద్రవంలోంచి) పెంచిన వైబీసీఓ (యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్, సూపర్‌కండక్టర్) సింగిల్ క్రిస్టల్, పలక ఆకారం, సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 50 మైక్రాన్ల మందం. పొర వేయకముందు మాగ్నెటైజేషన్ కొలిస్తే 91.5 కెల్విన్ దగ్గర నిటారుగా పడిపోయింది, అంటే అక్కడే సూపర్‌కండక్టర్ అయింది. వెడల్పు ఒక కెల్విన్ కూడా లేదు. దాని మీద పీఎల్‌డీతో (లేజర్ పల్స్‌లతో టార్గెట్‌ని ఆవిరి చేసి పొర వేసే పద్ధతి) పీజడ్‌టీ వేశాను (లెడ్ జిర్కోనేట్ టైటనేట్, అంటే ఓల్టేజీతో పోలరైజేషన్‌ని అటూ ఇటూ తిప్పగల ఫెర్రోఎలక్ట్రిక్; జిర్కోనియం 20, టైటానియం 80). 248 నానోమీటర్ల లేజర్, చదరపు సెంటీమీటరుకు 1.5 జూల్స్, సెకనుకు 5 షాట్లు, హీటర్ 650 డిగ్రీలు, ఆక్సిజన్ 100 మిల్లీటార్. మందం 200 నానోమీటర్లు. పని అయ్యాక అదే ప్రెషర్‌లో చల్లబరిచాను.

ఫలితం: పైన 200 మైక్రాన్ల వ్యాసంతో 12 గోల్డ్ ప్యాడ్లు వేస్తే 11 షార్ట్. మిగిలిన ఒక్కదాని లూప్ (ఓల్టేజీతో పోలరైజేషన్ ఎలా తిరుగుతుందో చూపే గీత) కూడా ఉబ్బిపోయి ఉంది. కింద క్రిస్టల్ సంగతి ఇంకా ఘోరం. 90 దగ్గర ఒక చిన్న మెట్టు మాత్రం ఉంది, అక్కడి నుంచి 40 దాకా జారుడుబల్లే.

ఇదే రెసిపీతో, స్ట్రాంషియం రుథినేట్ (ఎస్‌ఆర్‌ఓ) పూసిన ఎస్‌టీఓ (స్ట్రాంషియం టైటనేట్) మీద వేసినప్పుడు చక్కటి చదరపు లూప్ వచ్చింది. ఒక్క అంకె కూడా మార్చలేదు. లోపం ఎక్కడుంది?

---

కొలిమిపని | సోమవారం, రాత్రి 11:48

మార్చకపోవడమే లోపం.

ఎస్‌టీఓకి 650 డిగ్రీలు, 100 మిల్లీటార్ అంటే లెక్కే లేదు. వైబీసీఓకి అది ప్రాణం తీసే గది. ఆ ప్రెషర్ మామూలు వాతావరణ పీడనంలో 7600వ వంతు. అంత తక్కువ ఆక్సిజన్‌లో, అంత వేడిలో, వైబీసీఓ తన రాగి-ఆక్సిజన్ గొలుసుల్లోని ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. ఆక్సిజన్ సంఖ్య (ఒక్కో యూనిట్ సెల్‌కి ఉండే ఆక్సిజన్ పరమాణువులు) 6.9 పైన ఉంటే 90 కెల్విన్ల సూపర్‌కండక్టర్. 6.6 దగ్గరకొస్తే 60 కెల్విన్. 6.3 చేరేసరికి సూపర్‌కండక్టివిటీయే ఉండదు. ఒక అట్మాస్ఫియర్ ఆక్సిజన్‌లోనైనా సుమారు 700 డిగ్రీలు దాటితే స్ఫటికం ఆర్థోరాంబిక్ నుంచి టెట్రాగొనల్‌కి మారిపోతుంది. ప్రెషర్ తగ్గితే ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. మీరు ఆ గీతకి అవతల కూర్చుని గంటకు పైగా వేడి చేశారు.

90 దగ్గర చిన్న మెట్టు మిగిలిందంటే లోపల ఎక్కడో ఇంకా ఆక్సిజన్ నిండా ఉంది. అంచులు, పగుళ్ల చుట్టుపక్కల ఖాళీ అయింది. ఆ జారుడుబల్ల మొత్తం రకరకాల ఆక్సిజన్ సంఖ్యలు ఒకే క్రిస్టల్‌లో కలిసి ఉండటమే. క్రిస్టల్ చచ్చిపోలేదు, ఊపిరి ఆగింది. తిరిగి ఊదవచ్చు.

---

ఎక్స్‌రేకళ్లు | మంగళవారం, ఉదయం 7:05

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) తీసే ఉంటారుగా? వైబీసీఓ సి-అక్షం (యూనిట్ సెల్ ఎత్తు) ఎంత వచ్చింది? కొలిమిపని మేడమ్ చెప్పిన మాట నిజమో కాదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆక్సిజన్ నిండుగా ఉంటే 11.68 ఆంగ్‌స్ట్రామ్‌లు. పూర్తిగా పోతే 11.83 చుట్టూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. 006 శిఖరాన్ని పట్టుకుని లెక్కించకండి. పీజడ్‌టీ 200 ఉంటే సరిగ్గా దాని పక్కనే వచ్చి కూర్చుంటుంది, రెండూ కలిసి ఒకే లావు శిఖరంలా కనబడతాయి. 005, 007 తీసుకోండి.

---

పొరమీదపొర | మంగళవారం, ఉదయం 9:31

నేను 006తోనే లెక్కించాను :( ఇప్పుడు 005, 007తో మళ్లీ చూశాను. 11.76 వచ్చింది. శిఖరం కూడా కుడివైపు తోక లాగుతోంది.

---

ఎక్స్‌రేకళ్లు | మంగళవారం, ఉదయం 9:40

కుడి తోక అంటే తక్కువ సి-అక్షం ఉన్న భాగం, అంటే ఆక్సిజన్ మిగిలిన భాగం. ఎక్స్‌రే పైనున్న కొన్ని మైక్రాన్లనే ఎక్కువగా చూస్తుంది. అక్కడ సగటు 11.76 అంటే పై చర్మం బాగానే ఎండిపోయింది. కేసు క్లోజ్.

---

సందేహాలయ్య | మంగళవారం, ఉదయం 10:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేనింకా ఎమ్మెస్సీలోనే ఉన్నాను. థిన్ ఫిల్మ్ వైబీసీఓ మీద అందరూ ఇలాంటి కండిషన్లలోనే పైపొరలు వేస్తారు కదా? వాటికి పోని ఆక్సిజన్ క్రిస్టల్‌కే ఎందుకు పోయింది?

---

కొలిమిపని | మంగళవారం, ఉదయం 11:02

మంచి ప్రశ్న. వాటికీ పోతుంది! ఇంకా వేగంగా పోతుంది. కానీ అంతే వేగంగా తిరిగొస్తుంది. 100 నానోమీటర్ల ఫిల్మ్ అయితే చల్లబరిచేటప్పుడు ఛాంబర్‌ని ఆక్సిజన్‌తో నింపి, 450 డిగ్రీల దగ్గర అరగంట ఆపితే చాలు, నిండిపోతుంది. అందుకే ఫిల్ములు వేసేవాళ్లకు ఈ నష్టం జరిగిందని కూడా తెలియదు.

క్రిస్టల్‌లో ఆక్సిజన్ నడిచే దూరం మైక్రాన్లు కాదు, మిల్లీమీటర్లు. పైగా అన్ని దిక్కులా ఒకే వేగం ఉండదు. రాగి-ఆక్సిజన్ తలాల వెంట (ఎ-బి దిశలో) తొందరగా కదులుతుంది. తలాలకు అడ్డంగా, సి దిశలో, వేల రెట్లు నెమ్మది. అందుకే పలక పైముఖం ఎంత వెడల్పుగా ఉన్నా లాభం లేదు, దారి అంచుల నుంచే. కొత్తగా పెంచిన క్రిస్టల్‌ని ఆక్సిజన్ ప్రవాహంలో రోజులు, ఒక్కోసారి వారాలు ఉంచేది అందుకే.

ఇందులో పొరమీదపొర గారికి ఒక మేలు కూడా ఉంది. పైన పీజడ్‌టీ మూతలా కూర్చుంది కదా, ఇక ఆక్సిజన్ ఎలా వెళ్తుందని భయపడక్కర్లేదు. వెళ్లే దారి ఎలాగూ పక్కల నుంచే. అంచుల మీద పీజడ్‌టీ పాకి ఉంటే మాత్రం బ్లేడుతో సన్నగా చెక్కేయండి.

నా సలహా: విడిగా ట్యూబ్ ఫర్నేస్‌లో, ఆక్సిజన్ ప్రవాహంలో, 450 డిగ్రీల దగ్గర కనీసం ఐదారు రోజులు. తర్వాతిసారి నుంచి డిపాజిషన్ అయిన వెంటనే, హీటర్ తగ్గించకముందే, ఛాంబర్‌లోకి 500 టార్ పైన ఆక్సిజన్ వదలండి.

---

ప్లూమ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఆక్సిజన్ సంగతి మేడమ్ చూసుకున్నారు. షార్ట్‌ల సంగతి నేను తీసుకుంటాను, దీని మీద నేను కాల్చుకున్న చేతులు తక్కువేం కావు.

12లో 1 బతికింది. దాన్నుంచే చాలా తెలుసుకోవచ్చు. పొరలో అక్కడక్కడ రంధ్రాలు చెల్లాచెదురుగా ఉన్నాయనుకుందాం. ప్యాడ్ కింద ఒక్క రంధ్రం కూడా లేకపోతేనే ప్యాడ్ బతుకుతుంది. ప్యాడ్ కింద సగటున ఎన్ని రంధ్రాలుంటే 12లో 1 బతుకుతుందని లెక్కిస్తే 2.5 వస్తుంది. 200 మైక్రాన్ల ప్యాడ్ వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 8 వేల రంధ్రాలు. అదే పొర మీద 50 మైక్రాన్ల ప్యాడ్ వేస్తే సగటు రంధ్రాల సంఖ్య 0.16కి పడిపోతుంది, అంటే వందలో 85 ప్యాడ్లు బతకాలి. పొరని ఏమీ చేయకుండా, మాస్క్ మార్చి.

ఒక్క ప్యాడ్ మీద కట్టిన లెక్క ఇది, మరీ నమ్మేయకండి. కానీ దిశ తప్పు కాదు.

ఇక అసలు ప్రశ్న, రంధ్రాలెందుకొచ్చాయి? పొర వేయకముందు క్రిస్టల్ ముఖాన్ని మైక్రోస్కోప్ కింద చూశారా? ఎన్నాళ్లు బయట పెట్టారు?

---

పొరమీదపొర | మంగళవారం, మధ్యాహ్నం 2:44

ఆప్టికల్‌లో చూశాను, మెరుస్తూ బాగానే ఉంది. అక్కడక్కడ చిన్న మెట్లు, ఒకటి రెండు నల్ల చుక్కలు. డెసికేటర్‌లో మూడు వారాలున్నట్టుంది. ఎసిటోన్, తర్వాత ఐసోప్రొపనాల్, ఆపైన డీఅయనైజ్డ్ వాటర్‌తో కడిగి...

---

ప్లూమ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:47

ఆగండి. నీళ్లా??

---

కొలిమిపని | మంగళవారం, మధ్యాహ్నం 2:51

అయ్యో.

---

ప్లూమ్ | మంగళవారం, మధ్యాహ్నం 3:10

నీళ్లకీ వైబీసీఓకీ పడదు. తేమ తగిలితే బేరియం బయటికొచ్చి హైడ్రాక్సైడ్ అవుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే అదే బేరియం కార్బొనేట్ అయి కూర్చుంటుంది. బేరియం కార్బొనేట్ మొండిది, 650 డిగ్రీలకి విడిపోదు. మీరు దాని మీదే పీజడ్‌టీ వేశారు. అలాంటి చోట ఎపిటాక్సీ (కింది స్ఫటికం వరుసల్నే పట్టుకుని పొర పెరగడం) ఉండదు, పొర గింజలు గింజలుగా పెరుగుతుంది, గింజల సందుల్లోంచి గోల్డ్ కిందికి దిగుతుంది. షార్ట్.

ఆ నల్ల చుక్కలు ఫ్లక్స్ మిగులు, అంటే గడ్డకట్టిన బేరియం-కాపర్ ఆక్సైడ్. అది ఇంకా తొందరగా తేమ పీలుస్తుంది.

మేము చేసేది: చివరి పాలిష్ నీళ్లు లేని స్లర్రీతో, కడగడం అన్‌హైడ్రస్ ఇథనాల్‌తో, ఆ తర్వాత ఇథనాల్‌లో ఒక శాతం బ్రోమిన్ కలిపి కొద్ది సెకన్ల ఎచ్. బ్రోమిన్‌తో ఆటలొద్దు, ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత కూడా తీయకండి. ఎచ్ అయిన పావుగంటలో క్రిస్టల్ ఛాంబర్‌లో ఉండాలి.

లేజర్ వైపు కూడా ఒకటుంది. పీఎల్‌డీ అన్నాక టార్గెట్ నుంచి చుక్కలు ఎగిరి పొర మీద పడతాయి. ప్రతిసారీ టార్గెట్‌ని ఇసుకకాగితంతో గీరి, వెయ్యి షాట్లు షట్టర్ మూసే కొట్టండి. గీరేటప్పుడు మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి. అది సీసం.

---

పాతలాగ్‌బుక్ | మంగళవారం, రాత్రి 9:15

పిల్లలు అంతా బాగానే చెబుతున్నారు. నాకు మాత్రం మొదటి ప్రశ్నే ఇంకా అడ్డుపడుతోంది. బాబూ, అసలు క్రిస్టల్ మీద ఎందుకు వేస్తున్నావు?

ఫెర్రోఎలక్ట్రిక్‌తో సూపర్‌కండక్టర్ టీసీని (సూపర్‌కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రతని) అటూ ఇటూ జరపాలనే ఉద్దేశమైతే ఇప్పుడే ఆపేయి. లెక్క చెబుతాను. మంచి పీజడ్‌టీ పోలరైజేషన్ చదరపు సెంటీమీటరుకు 50 మైక్రోకూలంబ్‌లనుకో. ఎలక్ట్రాన్లలోకి మారిస్తే 3 పక్కన 14 సున్నాలు. వైబీసీఓ ఎ-బి ముఖం మీద చదరపు సెంటీమీటరుకు ఉండే యూనిట్ సెల్స్ సుమారు 67 పక్కన 13 సున్నాలు. అంటే ఒక్కో సెల్‌కు దాదాపు సగం ఛార్జ్. అది చిన్నది కాదు, టీసీని ఎక్కడినుంచి ఎక్కడికైనా తీసుకెళ్లగలదు. కానీ ఆ ప్రభావం మొదటి ఒక నానోమీటరులోనే కవర్ అయిపోతుంది, అంటే ఒక్క వరుస సెల్స్. నీ 50 మైక్రాన్ల క్రిస్టల్‌లో సుమారు 43 వేల వరుసలున్నాయి. ఒక వరుసకి జరిగింది మిగతా 43 వేల వరుసలకు తెలియను కూడా తెలియదు. రెసిస్టెన్స్ కొలిస్తే కరెంటు కింది వరుసల్లోంచి హాయిగా వెళ్లిపోతుంది.

1999లో ఆన్, ట్రిస్కోన్ వాళ్లు ఈ ప్రయోగాన్ని నెగ్గించింది ఎందుకంటే వాళ్లు తీసుకున్న గడోలినియం బేరియం కాపర్ ఆక్సైడ్ పొర కొద్ది నానోమీటర్లే. దాని మీద పీజడ్‌టీ. పోలరైజేషన్ తిప్పితే టీసీ కొన్ని కెల్విన్లు జరిగింది, ఆక్సిజన్ ఇంకా తక్కువున్న శాంపిల్ ఏకంగా ఇన్సులేటర్ అయింది. పల్చదనమే అక్కడ ప్రాణం.

---

పొరమీదపొర | మంగళవారం, రాత్రి 10:03

సార్, టీసీ జరపడం నా ఉద్దేశం కాదు. మొదటి పోస్టులో రాయాల్సింది. క్రిస్టల్ నాకు కింది ఎలక్ట్రోడ్, సబ్‌స్ట్రేట్ రెండూ ఒకటే. 77 కెల్విన్ దగ్గర ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ అడ్డం లేకుండా పీజడ్‌టీ స్విచింగ్ వేగం కొలవాలి. ఫిల్ములో ఉండే స్పైరల్స్, గ్రెయిన్ బౌండరీలు లేని ఇంటర్‌ఫేస్‌ని టీఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూడాలి.

---

పాతలాగ్‌బుక్ | మంగళవారం, రాత్రి 10:30

అలా అయితే అర్థముంది. ఒప్పుకుంటున్నాను.

ఎలక్ట్రోడ్‌గా వాడటం కొత్త కాదు, తెలుసుకుని ఉండటం మంచిది. 1991లో బెల్‌కోర్‌లో (అమెరికా టెలిఫోన్ కంపెనీల పరిశోధన సంస్థ) రమేష్ బృందం వైబీసీఓ మీద ఎపిటాక్సియల్ ఫెర్రోఎలక్ట్రిక్ పొరలు వేసింది. వాటిలో బిస్మత్ టైటనేట్ ఒకటి. మరుసటి ఏడాదికి పీజడ్‌టీ కూడా, పైనా కిందా వైబీసీఓతో. అందులోంచి పైకొచ్చింది సూపర్‌కండక్టివిటీ కాదు, ఫటీగ్ కథ. ప్లాటినం ఎలక్ట్రోడ్ల మధ్య పీజడ్‌టీని మిలియన్ల సార్లు అటూ ఇటూ తిప్పితే పోలరైజేషన్ నీరసించిపోతుంది. ఆక్సైడ్ ఎలక్ట్రోడ్ పెడితే అంత త్వరగా అలసిపోలేదు. చల్లబరచకుండా, గది వేడిలోనే! తర్వాత ఎస్‌ఆర్‌ఓ, ఎల్‌ఎస్‌సీఓ (లాంథనం స్ట్రాంషియం కోబాల్ట్ ఆక్సైడ్) వచ్చి ఆ పని తీసుకున్నాయి, వైబీసీఓని ఎవరూ తలచుకోలేదు. నీళ్లు తగిలితే ఏడ్చే ఎలక్ట్రోడ్ ఎవరికి కావాలి.

---

ఎక్స్‌రేకళ్లు | బుధవారం, ఉదయం 8:12

బిస్మత్ టైటనేట్ మాట వచ్చింది కాబట్టి ఒక సలహా. పీజడ్‌టీ వదిలేసి దానికే మారితే? వైబీసీఓ యూనిట్ సెల్ అడుగు భుజాల (ఎ, బి) సగటు 3.855 ఆంగ్‌స్ట్రామ్‌లు. 20/80 పీజడ్‌టీ 3.95, తేడా 2.5 శాతం. బేరియం టైటనేట్ 3.99, తేడా 3.5 శాతం. బిస్మత్ టైటనేట్ ఎ, బి సగటు 5.43. 45 డిగ్రీలు తిప్పి కూర్చుంటుంది కాబట్టి రూట్ 2తో భాగిస్తే 3.84. తేడా అర శాతం కూడా లేదు. ఇంతకంటే అతికే జోడీ ఉంటుందా?

---

ప్లూమ్ | బుధవారం, ఉదయం 8:50

అతుకుతుంది నిజమే. అక్కడే ఉంది తిరకాసు. అంత బాగా అతికినప్పుడు దాని సి-అక్షం పైకి నిలబడుతుంది. బిస్మత్ టైటనేట్ పోలరైజేషన్ దాదాపు మొత్తం ఎ-అక్షం వెంటే ఉంటుంది, సుమారు 50 మైక్రోకూలంబ్‌లు. సి వెంట 4 మాత్రమే. అంటే పొర ఎంత అందంగా పెరిగితే దాని బలం అంత అడ్డంగా పడుకుంటుంది. పైనా కిందా ఎలక్ట్రోడ్లు పెట్టి కొలిస్తే మీకు దక్కేది ఆ 4.

పీజడ్‌టీ సరిగ్గా అతకదు, కానీ పోలరైజేషన్ నిటారుగా నిలబడుతుంది. లాటిస్ తేడా ఒక్కటే చూసి పదార్థాన్ని ఎంచుకోవడం ఈ రంగంలో అందరూ మొదట చేసే పొరపాటు. నేనూ చేశాను. రెండున్నర శాతం తేడాని 200 నానోమీటర్ల పొర డిస్‌లొకేషన్లతో (స్ఫటిక వరుసల్లో లోపాలతో) సర్దుకుంటుంది. మురికి ముఖాన్ని, పోయిన ఆక్సిజన్‌ని సర్దుకోలేదు.

---

ఎక్స్‌రేకళ్లు | బుధవారం, ఉదయం 9:04

సి-అక్షం సంగతి నా బుర్రకి తట్టలేదు. సలహా వెనక్కి :)

---

సందేహాలయ్య | బుధవారం, ఉదయం 9:30

బిస్మత్ కాపర్ ఆక్సైడ్ సూపర్‌కండక్టర్ (బీ-2212) కూడా ఉంది కదా? దాన్ని టేప్‌తో అతికించి పీకితే కొత్త ముఖం వస్తుందని చదివాను. నీళ్ల గొడవే ఉండదుగా?

---

కొలిమిపని | బుధవారం, ఉదయం 10:11

సందేహాలయ్యా, నువ్వు మా గ్రూపులో చేరిపో.

అవును. బీ-2212లో రెండు బిస్మత్-ఆక్సిజన్ పొరల మధ్య పట్టు బలహీనం. టేప్ అంటించి లాగితే అద్దంలాంటి ముఖం వస్తుంది, పాలిష్ అక్కర్లేదు. దాని ఎ కూడా 5.4 ఆంగ్‌స్ట్రామ్‌లే కాబట్టి బిస్మత్ టైటనేట్ తిరగకుండా నేరుగా కూర్చోగలదు. ఆక్సిజన్ విషయంలో కూడా కాస్త క్షమిస్తుంది, టీసీ మారుతుంది కానీ వైబీసీఓలా కుప్పకూలదు.

చిక్కు కూడా ఆ బలహీనమైన పట్టే. పొర వేసి చల్లబరిచాక స్ట్రెస్‌కి పైపొర కింది రేకుతో సహా లేచిపోతుంది. ప్రోబ్ సూది గట్టిగా గుచ్చితే ప్యాడ్‌తో పాటు క్రిస్టల్ ముక్క కూడా సూదికి అంటుకుని వస్తుంది. నాకు జరిగింది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. పైగా సి దిశలో దాని రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, ఎలక్ట్రోడ్‌గా వాడాలంటే టీసీ కంటే కిందే వాడాలి.

పొరమీదపొర గారి పనికి వైబీసీఓనే మేలు. ఇంతకీ ఆ క్రిస్టల్ ఏ క్రూసిబుల్‌లో పెరిగిందో కనుక్కోండి. అల్యూమినా అయితే అల్యూమినియం రాగి గొలుసుల్లోకి దూరి ఉంటుంది. బేరియం జిర్కోనేట్ క్రూసిబుల్ అయితే దిగులు లేదు.

---

పొరమీదపొర | బుధవారం, సాయంత్రం 6:20

క్రిస్టల్ ఇచ్చినవాళ్లని అడిగాను, బేరియం జిర్కోనేట్ అట. ఫర్నేస్ ఖాళీ దొరికింది. పాత శాంపిల్‌ని రేపటి నుంచి ఆరు రోజులు పెడుతున్నాను. కొత్త క్రిస్టల్‌కి నీళ్లు లేకుండా పాలిష్, బ్రోమిన్ ఎచ్, చిన్న ప్యాడ్లు. డిపాజిషన్ అవ్వగానే ఆక్సిజన్ నింపుతాను. వచ్చి చెబుతాను.

---

పొరమీదపొర | నాలుగు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:40

వచ్చాను. ఆలస్యానికి క్షమించండి, మధ్యలో లేజర్ గ్యాస్ అయిపోయింది.

పాత శాంపిల్: 450 డిగ్రీలు, ఆక్సిజన్ ప్రవాహం, ఆరు రోజులు. టీసీ 90 కెల్విన్‌కి తిరిగొచ్చింది, వెడల్పు 3 కెల్విన్లు. సి-అక్షం 11.69. కొలిమిపని మేడమ్‌కి దండాలు. ప్యాడ్లు ఎలాగూ షార్టే కాబట్టి దాన్ని టీఈఎమ్‌కి పంపాను.

కొత్త శాంపిల్‌ని కూడా అలాగే ఆరు రోజులు అనీల్ చేసి, ఆ తర్వాత 50 మైక్రాన్ల ప్యాడ్లు 20 వేశాను. 13 బతికాయి. ప్లూమ్ గారి లెక్క ప్రకారం 17 రావాలి, పైగా ముఖం ఇంకా శుభ్రంగా ఉంది. పోయిన 7లో 5 అంచు పక్కనే ఉన్నాయి.

గది వేడిలో లూప్ లీక్‌తో కొంచెం ఉబ్బింది. 77 కెల్విన్‌కి దించగానే లీక్ దాదాపు మాయమై లూప్ చదరంగా తెరుచుకుంది. రిమనెంట్ (ఓల్టేజీ తీసేశాక మిగిలే) పోలరైజేషన్ 42 మైక్రోకూలంబ్‌లు. తిరగడానికి కావలసిన ఓల్టేజీ మాత్రం 1.5 నుంచి 3.5కి పెరిగింది.

---

ప్లూమ్ | శనివారం, రాత్రి 9:02

శభాష్! అంచు ప్యాడ్లను లెక్కలోంచి తీసేస్తే 15లో 13 అన్నమాట, నా 85 శాతం ఎక్కడికీ పోలేదు :) అంచు పక్కన పాలిష్ ఎప్పుడూ గుండ్రంగా అరిగిపోతుంది, అక్కడ ప్యాడ్ వేయకండి.

ఓల్టేజీ పెరగడం సహజమే. చల్లబడితే డొమైన్ గోడలు (వేర్వేరు దిశల్లో పోలరైజ్ అయిన భాగాల మధ్య హద్దులు) కదలడానికి మొరాయిస్తాయి. గది వేడిలో ఉబ్బిన లూప్‌ని మాత్రం ఎక్కడా చూపించకండి. భౌతిక శాస్త్రవేత్త స్కాట్ 2008లో అరటిపండు తొక్కకి ఎలక్ట్రోడ్లు పెట్టి అచ్చం అలాంటి లూపే తీసి చూపించాడు. లీక్ ఉంటే తొక్క కూడా ఫెర్రోఎలక్ట్రిక్‌లాగే కనబడుతుంది. గది వేడిలో పండ్ (PUND) అనే పల్స్‌ల వరుసతో కొలిచి, తిరిగిన ఛార్జ్‌ని విడిగా తీయండి.

---

పొరమీదపొర | శనివారం, రాత్రి 9:25

పండ్ సోమవారం చేస్తాను. ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. 77 కెల్విన్ లూప్ నడిమధ్యలో లేదు. ఒకవైపు 2.6 ఓల్టులకి తిరుగుతోంది, ఇంకోవైపు 4.4 కావాలి. 13 ప్యాడ్లలోనూ ఇదే, అన్నీ ఒకే వైపుకి. పైన గోల్డ్, కింద వైబీసీఓ కాబట్టా?

---

ఎక్స్‌రేకళ్లు | శనివారం, రాత్రి 9:33

అదే అయ్యుంటుంది. రెండు ఎలక్ట్రోడ్లూ వేరైతే లోపల ఫీల్డ్ ఉంటుంది. పైన కూడా ఆక్సైడ్ పెట్టి చూడండి.

---

పాతలాగ్‌బుక్ | శనివారం, రాత్రి 10:18

అది కొంత కావచ్చు. కానీ ఎస్‌ఆర్‌ఓ మీద వేసినప్పుడు కూడా నీ పై ప్యాడ్ గోల్డే కదా. అక్కడ లూప్ జరిగిందా?

---

పొరమీదపొర | శనివారం, రాత్రి 10:24

పాత డేటా తీసి చూశాను సార్. అక్కడ జరుగుదల 0.2 ఓల్టులే. 77 కెల్విన్ దగ్గర కూడా అంతే.

---

పాతలాగ్‌బుక్ | శనివారం, రాత్రి 10:51

అయితే గోల్డ్‌ని ఒక్కదాన్నే నిందించకు. నీ 20/80 పీజడ్‌టీ క్యూరీ పాయింట్ (ఫెర్రోఎలక్ట్రిక్ గుణం పోయే వేడి) కూడా 450 చుట్టుపక్కలే. క్రిస్టల్‌ని బతికించడానికి పొరని సరిగ్గా ఆ వేడి దగ్గర ఆరు రోజులు కూర్చోబెట్టావు. అప్పటికి పైన ప్యాడ్ లేదు, కింద మాత్రం వైబీసీఓ ఉంది. రెండు ముఖాలూ ఒకటి కానప్పుడు పోలరైజేషన్ ఒక వైపుకే మొగ్గుతుంది. ఆ వేడిలో ఆక్సిజన్ ఖాళీలు నింపాదిగా నడిచి, ఆ మొగ్గుకు తగినట్టు సర్దుకుని, చల్లబడ్డాక అక్కడే గడ్డకట్టి ఉండవచ్చు. కింది పొరకి వేసిన మందు పై పొరకి పడలేదేమో అని నా అనుమానం.

అనుమానమే. వైబీసీఓ ముఖమే కారణమా, ఆరు రోజుల అనీలా అన్నది విడదీయాలి. ఎస్‌ఆర్‌ఓ శాంపిల్‌ని కూడా అదే ఫర్నేస్‌లో అన్ని రోజులూ పెట్టి చూశావా?

---

పొరమీదపొర | శనివారం, రాత్రి 10:55

లేదు సార్. పెట్టాలని తోచలేదు.

---

కొలిమిపని | శనివారం, రాత్రి 11:03

ఎస్‌ఆర్‌ఓ శాంపిల్ ఇంకో ముక్క మిగిలుందా? ప్యాడ్లు లేనిది. అలాంటిదే పెట్టండి, గోల్డ్ వేశాక పెడితే పోలిక చెడిపోతుంది. ఫ్లో రేటు, చల్లబరిచే వేగం కూడా అవే ఉండాలి.

---

పొరమీదపొర | శనివారం, రాత్రి 11:40

సగం ముక్క ఉంది మేడమ్, ప్యాడ్లు వేయనిది. ఇప్పుడే ల్యాబ్‌కి వచ్చి ఫర్నేస్‌లో పెట్టాను. 450కి చేరింది. వచ్చే శుక్రవారం రాత్రి తీస్తాను.